నూట పన్నెండో పేజీ

రూసే, 21 జూన్ 2019

చిరంజీవి జోర్నిత్సాకు,

నిన్న, జూన్ 20 గురువారం ఉదయం పదకొండు గంటలకు, మన పత్రిక ‘ఫాజి’ పేరును శాస్త్ర పత్రికల అంతర్జాతీయ సూచీలోంచి తీసేశారు. ముఖ్యమైన సంగతి మొదటి వాక్యంలోనే ఉండాలని మీ అమ్మ అనేది కదా, అందుకే ముందు అది రాశాను. మిగతావి వివరాలు.

సూచీ వాళ్ళు ఏటా జూన్‌లో పత్రికలన్నింటి ప్రభావ సంఖ్యలూ ప్రకటిస్తారు. నేనూ, మా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకురాలు బిలియానా ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని చూశాం. మన పేరు ఉండాల్సిన చోట లేదు. అట్టడుగున విడిగా పంతొమ్మిది పత్రికల పట్టిక ఒకటి ఉంది. అందులో ఏడోది మనది. ఎదురుగా ‘అసాధారణ ఉల్లేఖన సరళి’ అని ఒకే ముక్క. అంటే ఏమిటో చెప్పలేదు. సెప్టెంబరు 30లోగా సంజాయిషీతో పాటు ఒక హామీ పత్రం పంపితే నవంబరులో మళ్ళీ పరిశీలిస్తారట.

నా వరకైతే ఫర్వాలేదు. అరవై ఏడేళ్ళవాణ్ణి, సంపాదకత్వం పోతే టమాటాలు పెంచుకుంటాను. బిలియానా సంగతి వేరు. ప్రొఫెసరుకు కింది మెట్టయిన డోసెంట్ పదవికి ఆమె పోటీ అక్టోబరులో ఉంది. సూచీలో ఉన్న పత్రికల్లో వచ్చిన వ్యాసాలకే మార్కులు. ఆమెవి రెండు మన దగ్గరే వచ్చాయి. ఈ అవకాశం తప్పితే ఇన్‌స్టిట్యూట్‌లో ఆమె ఒప్పందం పొడిగించరు. నిన్న ఆ పట్టిక చూశాక ఆమె లేచి కిటికీ తీసి, మళ్ళీ మూసి, థర్మోస్టాట్ ఆపకుండా వచ్చానని చెప్పి లాబ్‌కు వెళ్ళిపోయింది.

ఈ ఉదయం ఇన్‌స్టిట్యూట్ తలుపు మీద నల్ల అంచు మరణ ప్రకటన ఒకటి అంటించి ఉంది. ఎవరైనా పోయినప్పుడూ, మళ్ళీ నలభయ్యో రోజుకీ ఊళ్ళో ప్రతి గుమ్మం మీదా కనిపించేలాంటిదే. ఫొటో ఉండాల్సిన చోట పత్రిక ముఖచిత్రం. కింద ‘1961–2019, స్వల్ప అస్వస్థత అనంతరం’ అని. ఎవరి పనో తెలియదు. మా కార్యదర్శి స్టోయాంకా నీకు గుర్తుండాలి, చిన్నప్పుడు నీకు కార్బన్ కాగితాలు ఇచ్చేది. ఆమె కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివి, “నలభయ్యో రోజుకి ఇంకోటి అంటిస్తారంటారా, ఖర్చు కలిసొస్తుందని దీంతోనే సరిపెడతారా?” అంది. తర్వాత గోటితో అంచులు గీకి ఊడదీసింది. చింపలేదు, మడిచి సొరుగులో పెట్టింది.

నువ్వు పత్రికల్ని కొలిచే పనిలోనే ఉన్నావు కాబట్టి నిన్నే అడుగుతున్నాను. మేం చేసిన తప్పేమిటి? పోయినేడు మన సంఖ్య 0.3 నుంచి 1.275కు పెరిగింది. డైరెక్టర్ ద్యాన్కోవ్ ఆ అంకెను బట్ట మీద రాయించి గుమ్మానికి కట్టించాడు. మంచి వ్యాసాలు వేస్తున్నాం కనుక పెరిగిందనే అనుకున్నాను. కొత్తగా మేమేం చేయలేదు. యాభై ఏళ్ళుగా చేస్తున్నదే చేస్తున్నాం.

ఫోన్ చేయకు. రైలు వేళలూ జ్వరాలూ ఫోన్లో, ఆలోచించి చెప్పాల్సినవి కాగితం మీద. అది కూడా మీ అమ్మ పెట్టిన నియమమే.

ఆశీస్సులతో,
మీ మామయ్య వెలిజార్


లుబ్లియానా, 30 జూన్ 2019

మామయ్యకు నమస్కారాలు.

మీ పత్రికను పడేసింది డిసెంబరు సంచికలోని సింహావలోకనం. మొదటి వాక్యంలోనే రాశాను, చూశారుగా.

ప్రభావ సంఖ్య ఎలా వస్తుందో మీకు తెలుసు. అయినా లెక్క పూర్తిగా రాస్తాను, బిలియానాకు చూపించవచ్చు. ఒక పత్రిక గడిచిన రెండేళ్ళలో వేసిన వ్యాసాలను ఈ ఏడు ప్రపంచంలో ఎన్నిసార్లు ఆధారంగా పేర్కొన్నారో, అంటే ఉల్లేఖనలెన్నో, లెక్కపెట్టి, వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. మీరు రెండేళ్ళలో వేసినవి ఎనభై. వాటిని పేర్కొన్నది నూట రెండుసార్లు. కనుక 1.275. ఆ నూట రెండింటిలో ఎనభై ఒకే ఒక్క చోటి నుంచి వచ్చాయి. అది మీ డిసెంబరు సింహావలోకనం. గడిచిన రెండేళ్ళ వ్యాసాలన్నింటినీ ఒక్కటి వదలకుండా అందులో పేర్కొంటారు. అది తీసేస్తే మిగిలేవి ఇరవై రెండు. సంఖ్య 0.275.

ఇన్నాళ్ళూ ఎందుకు పట్టుకోలేదంటే, ఇన్నాళ్ళూ అది చివరి పేజీల్లో చిన్న అచ్చులో ఉండేది, యంత్రం చదివేది కాదు. రెండేళ్ళ క్రితం మీ వెబ్‌సైటు కట్టినవాళ్ళు దాన్ని విడి వ్యాసంగా పెట్టారు. అప్పటి నుంచి చదువుతోంది. సంఖ్య పెరిగిందీ అప్పుడే.

కొందరు సంపాదకులు కావాలని ఇదే పని చేస్తారు. తమ పత్రికలోని వ్యాసాలన్నింటినీ తామే ఒక వ్యాసంలో గుదిగుచ్చి అంకె పెంచుకుంటారు. మీరు అలా చేయలేదని నాకు తెలుసు. సూచీకి తెలియదు.

దారి సులభమే. సింహావలోకనం ఆపేస్తామని హామీ రాసి సంతకం పెట్టండి. నవంబరులో పేరు తిరిగి వస్తుంది, పోటీని అప్పటిదాకా ఆపమని అడగవచ్చు. సంఖ్య చిన్నదే అయినా బిలియానా వ్యాసాలకు మార్కులు నిలుస్తాయి.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. నది ఒడ్డు బజారులో చెర్రీపండ్లు వచ్చాయి, మన వైపు వాటంత తీపి లేవు.

మీ
జోర్నిత్సా


రూసే, 9 జూలై 2019

చిరంజీవి జోర్నిత్సాకు,

నేను సంతకం పెట్టడం లేదు. కారణం రాస్తాను.

సింహావలోకనం మీ అమ్మది. నీకు తెలియనిది కాదు, కానీ అది ఎందుకు పుట్టిందో నీకు ఎప్పుడూ చెప్పినట్టు లేదు. అప్పట్లో కాగితానికి కోటా ఉండేది. విదేశాలకు పంపడానికి ప్రతి సంచికకూ అదనపు ప్రతులు దొరికేవి కావు. ఏడాదికి ఒక్క సంచికకే దొరికేవి, అది డిసెంబరుది. మన దగ్గర అది తీసుకుని బదులుగా తమ పత్రికలు పంపే గ్రంథాలయాలు పరదేశాల్లో అరవైకి పైగా ఉండేవి. మా అక్క 1974లో సంపాదకవర్గంలోకి వచ్చి, “వాళ్ళకి దక్కేది ఒక్క సంచిక. అందులోనే అన్నీ కనపడాలి,” అంది. ఆ ఏటి పేజీలు ఇంకా ప్రెస్సులోనే ఉంటాయి కనుక గడిచిన రెండేళ్ళవి ఎత్తుకుంది. రెండేళ్ళు ఎందుకంటే, ఒక డిసెంబరు కట్ట సరిహద్దులో ఆగిపోయినా మరుసటి డిసెంబరుది చేరుతుందని. ప్రతి వ్యాసం రెండుసార్లు ప్రయాణం చేసేది.

2011లో ఆమె పోయేదాకా ముప్పై ఏడేళ్ళు ఆ పని చేసింది. తర్వాత నేను చేస్తున్నాను. ఇప్పటికీ పైన ‘నెవేనా రాదేవా ప్రారంభించినది’ అని వేస్తున్నాం. ఆ పేరు తీసేసి, కింద ‘ఇకపై ఇటువంటి అక్రమం చేయము’ అని నేను సంతకం పెట్టాలి. హామీ పత్రంలో ఉన్న మాట అదే. అక్రమం. సూచీ మనల్ని చేర్చుకున్నది పదేళ్ళ కింద. ఆచారం అంతకంటే ముప్పై అయిదేళ్ళు పెద్దది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు. ఇక్కడ దొంగలు పడనే లేదు.

బిలియానాను ఆఫీసుకు పిలిచి సంగతి చెప్పాను. ఆమె జవాబు ఉన్నదున్నట్టు రాస్తాను. “మీరు సంతకం పెట్టండని నేననను సార్. పెట్టొద్దని కూడా అనలేను. నాకు కూతురుంది.”

మధ్యేమార్గం ఏదైనా ఉంటే రాయి. సూచీలో నీకు తెలిసినవాళ్ళు ఉంటారు. మనిషి మనిషితో మాట్లాడితే అర్థం కానిది ఉండదు.

ఆశీస్సులతో,
వెలిజార్


లుబ్లియానా, 11 జూలై 2019

మామయ్యకు నమస్కారాలు.

మీ జవాబు ఇంకా రాలేదు. పోస్టులో ఉండి ఉంటుంది. ఈలోగా బిలియానా నాకు రాసింది. మిమ్మల్ని తొందరపెట్టమని కాదు, తన వ్యాసాలు వేరే పత్రికకు మార్చుకోవచ్చా అని అడిగింది. అచ్చయినవి మార్చడం కుదరదని చెప్పాను. ఆమె ఎంత భయపడుతోందో మీకు చెప్పి ఉండదు, అందుకని నేను చెబుతున్నాను.

సంతకం పెట్టడానికి ఇన్ని రోజులు ఎందుకు? ఇప్పుడు ఆ సింహావలోకనం ఎవరూ చదవరు మామయ్యా. ఎవరికి ఏ వ్యాసం కావాలన్నా ఇంట్లో కూర్చుని వెతుక్కుంటున్నారు. అమ్మ ఉండి ఉంటే తనే ఆపేసేది.

ఆగస్టు పదిహేనుకు వస్తున్నాను. మీతో ఒక సంగతి ఎదురుగా కూర్చుని చెప్పాల్సింది ఉంది. ఉత్తరంలో వద్దు.

మీ
జోర్నిత్సా


రూసే, 1 ఆగస్టు 2019

డాక్టర్ జోర్నిత్సా రాదేవా గారికి,

మీరు ఎదురుగా కూర్చుని చెప్పాలనుకున్న సంగతి డైరెక్టర్ ద్యాన్కోవ్ సోమవారం నాకు చెప్పాడు. పది పేజీలు అచ్చు తీయించి తెచ్చాడు. ఒకే వ్యాసం నుంచి కట్టగట్టుకుని వచ్చే ఉల్లేఖనలను ఏరే పద్ధతి గురించి మీ సంస్థ రాసిన వ్యాసం అది. సూచీ ఈ ఏడు వాడిన జల్లెడ అదేనని అందులోనే ఉంది. రచయితల్లో రెండో పేరు మీది.

అతను దాన్ని నా బల్ల మీద పెట్టి, “మీ ఇంట్లో పెరిగిన పిల్లే కదా వెలిజార్, ఫోన్ చేసి ఒక మాట చెప్పుండొచ్చు,” అన్నాడు. స్టోయాంకా అక్కడే ఉంది. “పోయినేడు గుమ్మానికి బట్ట కట్టించినప్పుడు మీకెవరూ ఫోన్ చెయ్యలేదా డైరెక్టర్ గారూ?” అంది. అతను వెళ్ళిపోయాడు.

ఒక ప్రశ్న అడుగుతాను. ఈ పత్రిక మీ జల్లెడలో పడినప్పుడు, అది ఏ పత్రికో మీకు తెలుసా? ఒక్క ముక్కలో జవాబు చాలు.

ఆగస్టులో రావలసిన పని లేదు.

వెలిజార్ తోంచెవ్
సంపాదకుడు


లుబ్లియానా, 11 ఆగస్టు 2019

మామయ్యకు,

తెలియదు.

మీరు ఒక్క ముక్క చాలన్నారు. నాకు చాలదు.

మా దగ్గరకు పత్రికల పేర్లు రావు. పదకొండు వేల పత్రికలు, ఒక్కోదానికి ఒక అంకె. జల్లెడ పట్టాక పంతొమ్మిది అంకెలు మిగిలాయి. నేనూ ఇంకొకాయనా వాటిని సరిచూసి సూచీకి పంపాం. పేర్లు చూపించకపోవడం మా నియమం. చూపిస్తే ఎవరో ఒకరు తమవాళ్ళను కాపాడుకుంటారు. పేరు కనిపించి ఉంటే నేను ఏం చేసేదాన్నో నాకు తెలియదు. ఆ ప్రశ్న ఎవరికీ ఎదురు కాకూడదనే ఆ నియమం. అది పెట్టించినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మన పత్రిక అందులో ఉందని మీ జూన్ ఉత్తరం చదివాకే తెలిసింది. ఆ రోజు ఆఫీసులో కవరు చింపి నిలబడే చదివాను. ఏడో అంకె తీసి చూశాను. డిసెంబరు నెల, ఒకే వ్యాసం, ఎనభై ఉల్లేఖనలు. మూడు నెలల కింద దాని పక్కన టిక్ పెట్టింది నేనే. అది సింహావలోకనం అయి ఉంటుందని నాకు తట్టలేదు. అంకెల్లో అమ్మ ఎలా కనిపిస్తుంది?

మీకు అప్పుడే రాయాల్సింది. ఎదురుగా చెబితే మెల్లగా చెప్పగలననుకున్నాను. నాకంటే ముందు ద్యాన్కోవ్ చెప్పాడు. ఆ విషయంలో మీకు కోపం రావడం న్యాయమే.

జల్లెడ విషయంలో మాత్రం నేను క్షమాపణ చెప్పను. మిగతా పద్దెనిమిదిలో నాలుగు పత్రికల సంపాదకులు ఒక ఒప్పందానికి వచ్చి, ఒకరి వ్యాసాలను ఒకరు పేర్కొనమని రచయితలను వేధించారు. ఒప్పుకోని యువకుల వ్యాసాలు ఏళ్ళ తరబడి ఆపేశారు. బిలియానా లాంటివాళ్ళే వాళ్ళంతా. జల్లెడకు బియ్యం తెలియవు, రాయి తెలియదు. కన్నం కొలతే తెలుసు. ఆ కొలత ప్రకారం మీరు పడ్డారు. తీసి చూసి, ఇది రాయి కాదని చెప్పాల్సింది మనుషులు. అలా చెప్పడానికి ఉన్న దారి ఆ హామీ పత్రమే. ‘అక్రమం’ అనే మాట మార్చమని సూచీకి ఒక ఉత్తరం రాశాను. నా పేరుతో రాశాను, మీకు చుట్టమని కూడా రాశాను. మారుస్తారో లేదో చెప్పలేను. ఇకపై మీ పత్రిక విషయం ఏదీ నా బల్ల మీదికి రాదు, అదీ నియమమే.

ఆగస్టులో రావద్దన్నారు. రాను.

జోర్నిత్సా


రూసే, 22 ఆగస్టు 2019

జోర్నిత్సాకు,

నీ జవాబు నమ్ముతున్నాను.

జూలై ఉత్తరంలో ఒక మాట రాశావు. సింహావలోకనం ఎవరూ చదవరని. అది కొలిచి చెప్పావా, అనుకుని చెప్పావా? కొలవనిది చెప్పకూడదని ఇదే ఇంట్లో నేర్చుకున్నావు.

అందుకని కొలువు. 1974 నుంచి. ఎవరూ చదవలేదని తేలితే అదే రోజు సంతకం పెడతాను. చదివారని తేలితే పెట్టను. మన ఇద్దరిలో ఎవరు చెప్పినా వినని బిలియానా కూడా లెక్క చెబితే వింటుంది. ఆమెతో మాట్లాడాను, గడువు దాకా ఆగుతానంది. ‘గడువు దాకానే’ అని కూడా అంది.

వెలిజార్


లుబ్లియానా, 14 సెప్టెంబరు 2019

మామయ్యకు నమస్కారాలు.

కొలిచాను. చదివారు. ఇప్పుడు చదవడం లేదు. రెండూ నిజమే.

ముందు సులభమైనది. సింహావలోకనాన్నే నేరుగా పేర్కొన్న వ్యాసాలు వెతికాను. 1974 నుంచి అమ్మ చనిపోయిన 2011 దాకా వచ్చినవాటిని పేర్కొన్నవి ముప్పై ఏడు. ఆ తర్వాత వచ్చినవాటిని పేర్కొన్నది ఒక్కటీ లేదు.

ముప్పై ఏడు గొప్ప అంకె కాదు. కానీ చదివిన ప్రతివాడూ సింహావలోకనం పేరు చెప్పడు కదా. అందులో చూసి, అసలు వ్యాసం పేరే రాసుకుంటాడు. అలాంటివాణ్ణి పట్టుకోవడం ఎలాగో తెలియలేదు. మొదట్లో కొన్ని రోజులు దొరకలేదు. పోయిన వారం దొరికింది.

1982లో మీరు గెనో పెయెవ్ గారి వ్యాసం వేశారు. మేఘంలోని నీటి చుక్క సిల్వర్ అయొడైడ్ రేణువు తగిలి ఎంత చలిలో గడ్డకడుతుందన్నది. వడగళ్ళను ఆపే రాకెట్లలో వాడేది అదే కనుక ద్రాక్షతోటల వాళ్ళందరికీ అది పనికొచ్చింది. ఆ వ్యాసం ఉన్నది 112వ పేజీలో. 1983 డిసెంబరు సింహావలోకనంలో 121 అని పడింది. 1984లోనూ అదే.

ఆ వ్యాసాన్ని ఇప్పటిదాకా ముప్పై ఒక్కమంది పేర్కొన్నారు. పద్నాలుగు మంది 121వ పేజీ అని రాశారు. త్బిలిసి నుంచి ఐదు, యెరెవాన్ నుంచి రెండు, తాష్కెంట్ నుంచి మూడు, అర్జెంటీనాలోని మెండోసా నుంచి నాలుగు. అన్నీ వడగళ్ళు పడే ఊళ్ళే. అసలు సంచిక చేతిలో ఉన్నవాడు 121 అని రాయలేడు, ఆ పేజీలో ఉన్నది పాదరసం మీద వేరే వ్యాసం. కనుక ఆ పద్నాలుగు మందీ, లేదా వాళ్ళు ఎవరి నుంచి ఎత్తి రాసుకున్నారో వాళ్ళూ, పెయెవ్ గారిని చూసింది అమ్మ కిటికీలోంచే. చివరిది 1998లో వచ్చింది.

అసలు వ్యాసం చూడకుండా ఏం ఉపయోగించుకున్నారా అనుకున్నాను. ఆ సింహావలోకనం తెప్పించుకుని చదివాక అర్థమైంది. అమ్మ ప్రతి వ్యాసం కింద రెండు వాక్యాలు రాసింది. ఏం కొలిచారు, ఎంత వచ్చింది. పెయెవ్ గారి చుక్క ఎన్ని డిగ్రీల దగ్గర గడ్డకట్టిందో అందులోనే ఉంది. త్బిలిసిలో రాకెట్టు నింపేవాడికి అది సరిపోతుంది.

2011 తర్వాత వచ్చినవీ చదివాను. పేర్లూ పేజీలూ మాత్రమే ఉన్నాయి. వాక్యాలు లేవు. ఇది రాయకుండా ఉండవచ్చు, కానీ మీరు కొలవమన్నారు.

ఎవరూ చదవరని నేను రాసింది సగం తప్పు. మిగతా సగం సంగతి మీరే తేల్చుకోండి.

సూచీ నుంచి జవాబు వచ్చింది. ‘అక్రమం’ తీసేసి ‘ఈ పద్ధతి’ అని మారుస్తారట. కొత్త పత్రం మీకు నేరుగా పంపుతున్నారు.

మీ
జోర్నిత్సా


రూసే, 20 అక్టోబరు 2019

చిరంజీవి జోర్నిత్సాకు,

సెప్టెంబరు 27 శుక్రవారం మధ్యాహ్నం హామీ పత్రం మీద సంతకం పెట్టి పంపాను. ఇన్నాళ్ళు రాయలేదు, ఏం రాయాలో తేలక.

నీ ఉత్తరం స్టోయాంకాకూ బిలియానాకూ చదివి వినిపించాను. వాక్యాల సంగతి వచ్చిన చోట గొంతు తగ్గించబోతే స్టోయాంకా, “అదీ వినపడేలాగే చదవండి సంపాదకుడు గారూ. నెవేనా ఉంటే రెండుసార్లు చదివించేది,” అంది. నెవేనా ఒక్కో వ్యాసం ఆసాంతం చదివి ఆ రెండు వాక్యాలు రాసేది. ఒక్కోదానికి ఒక సాయంత్రం పట్టేది. నేను చేసింది ఆమె పేరు నిలబెట్టడం, ఆమె పని కాదు. పేరు నిలబెట్టడం కోసం బిలియానా కూతుర్ని పణంగా పెట్టలేను. అంతే. ఈ డిసెంబరు నుంచి సింహావలోకనం లేదు.

బిలియానా పోటీని వాయిదా వేశారు. నియామక సంఘం సూచీ నిర్ణయం చూశాక కూర్చుంటుంది. ఆమె మళ్ళీ మాట్లాడుతోంది. మొన్న థర్మోస్టాట్ నిజంగానే ఆపడం మరిచిపోయింది, తిట్టాను, నవ్వింది.

ఇక 121. నీ ఉత్తరం అందాక 1983 ప్రూఫులు ఎవరు చూశారా అని ఆలోచించాను. ఆలోచించాల్సిన పని లేదు, తేదీ చూడగానే గుర్తొచ్చింది. ఆ నవంబరులో మీ అమ్మ ప్రసూతి ఆసుపత్రి మూడో అంతస్తులో ఉంది. నువ్వు పుట్టి నాలుగు రోజులు. చుట్టాలను లోపలికి రానిచ్చేవారు కాదు. మేమంతా కింద పెరట్లో నిలబడి కిటికీల వైపు తలలెత్తి అరుచుకునేవాళ్ళం. తాడు కట్టిన సంచి పైనుంచి దిగేది, అందులో ఉడికించిన పండ్ల కంపోతు సీసాలు పెట్టి పంపేవాళ్ళం. నేను సీసాతో పాటు ప్రూఫులు కూడా పెట్టాను, ప్రెస్సు ఆగదని. పెద్ద నర్సు కిటికీలోంచి తల బయటికి పెట్టి, “ఏమయ్యా, ఇక్కడ పిల్లల్ని కంటున్నారా, పుస్తకాలా?” అని అరిచింది. పెరట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. మర్నాడు సంచిలో ప్రూఫులు దిగాయి, దిద్ది. ఒక మూల పాల మరక ఉంది. ప్రెస్సువాళ్ళు ఆ సీసపు అచ్చునే మరుసటి ఏడాదికీ దాచి వాడారు. ముప్పై ఏడేళ్ళలో మీ అమ్మ వదిలేసిన తప్పు నాకు తెలిసి అదొక్కటే. అది ఎందుకు జరిగిందో ఇప్పుడు నీకు తెలిసింది. త్బిలిసికీ మెండోసాకీ చేరినట్టు మనకు చెప్పింది కూడా అదే.

డిసెంబరు సంచికలో సింహావలోకనం ఉండే చోట ఒక దిద్దుబాటు వేస్తున్నాను. మూడు పంక్తులు:

‘1983, 1984 డిసెంబరు సంచికల సింహావలోకనాల్లో గెనో పెయెవ్ వ్యాసానికి 121వ పేజీ అని ఉన్నచోట 112 అని చదువుకోవాలి. సింహావలోకనాన్ని 1974 నుంచి 2011 వరకు నెవేనా రాదేవా రాశారు. తప్పును గుర్తించినది జోర్నిత్సా రాదేవా.’

ఇది వేస్తే మళ్ళీ ఉల్లేఖన కింద లెక్కకు వస్తుందేమోనని బిలియానా భయపడింది. తనే లెక్క చూసింది. 1982 వ్యాసం రెండేళ్ళ గడువు ఎప్పుడో దాటిపోయింది కనుక ఏ సంఖ్యలోకీ రాదట. అయినా నువ్వు ఒకసారి చూసి చెప్పు. మీ నియమం అడ్డొస్తే బిలియానా లెక్కే ఖాయం చేస్తాను. నీ పేరు వేయడం ఇష్టం లేకపోతే అదీ చెప్పు.

నవంబరు 2 శనివారం పెద్దల దినం, మీ అమ్మ సమాధి దగ్గరికి వెళ్తాం. ఉడికించిన గోధుమలు స్టోయాంకా తెస్తానంది, వైన్ నేను తెస్తాను. నీకు వీలైతే శుక్రవారం సాయంత్రం సోఫియా నుంచి ఆరింటికి బయలుదేరే బస్సు ఎక్కు, స్టాండులో ఉంటాను. శ్మశానం గేటు శనివారం ఉదయం తొమ్మిదింటికి తీస్తారు. దిద్దుబాటు ప్రూఫు జేబులో పెట్టుకొస్తాను, అక్కడే చూసి ఇవ్వు. నవంబరు 18 సోమవారం సూచీ నిర్ణయం చెబుతుంది. నియామక సంఘం 21న. పత్రిక డిసెంబరు 5 గురువారం ప్రెస్సుకు వెళ్తుంది, సూచీ ఏం చెప్పినా సరే.

ఆశీస్సులతో,
మామయ్య